ముగ్గు వేయించాను, లెక్క మాత్రం రాలేదు. 7వ తరగతికి ఏం చేస్తే బాగుంటుంది?

చుక్కలపలక | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ప్రకాశం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. 7వ తరగతిలో 38 మంది. అందులో సగం మందికి లెక్కల పీరియడ్ అంటేనే కడుపునొప్పి వచ్చేస్తుంది.

ధనుర్మాసం కదా, ఊళ్ళో ఏ వాకిట్లో చూసినా ముగ్గులే. వాటితోనే సౌష్ఠవం, సంఖ్యా క్రమాలు చెప్పేద్దామని పోయిన గురువారం స్కూలు వరండాలో అందరి చేతా ముగ్గులు వేయించాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా మోకాళ్ళ మీద కూర్చుని, నాలుక పంటికింద పెట్టుకుని రంగులద్దారు. చూస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి.

మర్నాడు "నిన్న ఏం నేర్చుకున్నాం?" అని అడిగాను. "సంక్రాంతి ముగ్గు మేడమ్" అన్నారు. ఇంకా ఏమిటి అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సౌష్ఠవాక్షం, అంటే ఎక్కడ మడిస్తే రెండు సగాలూ కలుస్తాయో ఆ గీత, గీయమంటే ఇద్దరు గీశారు. వాళ్ళిద్దరూ ముగ్గు వేయకపోయినా గీసేవాళ్ళే.

రెండు పీరియడ్లు అయిపోయాయి, వరండా కడగడానికి ఇంకో అరగంట. చుట్టూ కనిపించే ఆకారాలతో లెక్కలు చెప్పినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారని తెలుసు. నేనెక్కడ తప్పు చేశానో చెప్పండి.

---

టెన్త్_ట్యూషన్ | సోమవారం, రాత్రి 9:40

మేడమ్ గారూ, మీ కష్టం అర్థమవుతోంది. కానీ నా అనుభవం చెబుతాను, తప్పుగా అనుకోకండి. 15 ఏళ్ళుగా పదో తరగతికి ట్యూషన్ చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చేసరికి పిల్లలకి భిన్నాల కూడిక రాదు, గ.సా.భా. కీ (రెండు సంఖ్యల్నీ భాగించే అతి పెద్ద సంఖ్య) క.సా.గు. కీ (ఆ రెండింటితోనూ భాగింపబడే అతి చిన్న సంఖ్య) తేడా తెలియదు. 7వ తరగతిలో ఆ రెండు పీరియడ్లూ లెక్కలు చేయించి ఉంటే అక్కరకొచ్చేవి కదా? ముగ్గు అయితే ఇంట్లో అమ్మ నేర్పుతుంది. గ.సా.భా. మనం తప్ప ఎవరు నేర్పుతారు?

---

రిటైర్డ్_లెక్కలు | సోమవారం, రాత్రి 10:25

అమ్మా, 34 ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మీరు చేసిన పొరపాటు నేను కనీసం పదేళ్ళు చేశాను. లారీ చక్రం వృత్తం, పుస్తకం దీర్ఘచతురస్రం అంటూ బోర్డు మీద జాబితాలు రాయించేవాణ్ణి. పిల్లలు చక్కగా రాసేవాళ్ళు. అందులో లెక్క లేదు, పేర్లు పెట్టడమే ఉంది.

ముగ్గు వేశాక ప్రశ్న అడిగితే లాభం లేదు. ఒక్క చుక్క కూడా పెట్టకముందే అడగాలి, పిల్లలు అంచనా చెప్పాలి, ఆ తర్వాతే ముగ్గుపిండి ముట్టుకోవాలి.

ఒకటి చెబుతాను, రేపే చేసి చూడండి. 7 చుక్కలు, 1 వచ్చే వరకు సరి చుక్క. కొన్ని ఊళ్ళలో ఎదురు చుక్క అంటారు. అంటే మధ్య వరుసలో 7, దాని పైనా కిందా 5, తర్వాత 3, కొసన 1. మొత్తం ఎన్ని చుక్కలు పడతాయో ముందు రాయించండి. కూడితే 25.

ఇప్పుడు రెండు రంగుల సుద్దముక్కలు ఇవ్వండి. కొసనున్న చుక్కకి ఎరుపు, దాన్ని ఆనుకున్న చుక్కకి తెలుపు, అలా ఒకటి విడిచి ఒకటి. అంతా అయ్యాక ఐమూల నుంచి చూడమనండి. ఎర్ర చుక్కలు 4 వరుసల్లో నాలుగేసి, అంటే 16. వాటి సందుల్లో తెల్ల చుక్కలు 3 వరుసల్లో మూడేసి, అంటే 9. పదహారూ తొమ్మిదీ ఇరవై అయిదు! మీరు ఏమీ చెప్పకండి, వాళ్ళనే చూడనివ్వండి.

---

మేస్త్రీ_కొడుకు | మంగళవారం, ఉదయం 6:50

మాస్టారూ, ఆ 9, 16, 25 చూడగానే మా నాన్న గుర్తొచ్చారు. ఆయన తాపీమేస్త్రీ, అయిదో తరగతితో చదువు ఆపేశారు. పునాదికి దారం కట్టేటప్పుడు మూల సరిగ్గా వచ్చిందో లేదో చూడడానికి ఒక దారం మీద 3 అడుగుల దగ్గర గుర్తు, రెండో దారం మీద 4 అడుగుల దగ్గర గుర్తు పెట్టేవారు. ఆ రెండు గుర్తుల మధ్య టేపు సరిగ్గా 5 అడుగులు చూపించాలి. ఒక్క అంగుళం ఎక్కువొచ్చినా "మూల తెరుచుకుంది" అనేవారు, తక్కువొస్తే "మూసుకుంది" అనేవారు. పెద్ద హాలు అయితే 6, 8, 10 తీసుకునేవారు. చిన్న కొలతలో అరంగుళం తేడా పడితే గోడ చివరికొచ్చేసరికి అది జానెడు అవుతుందట.

తొమ్మిదో తరగతి దాకా నాన్న చేసేదీ పుస్తకంలో ఉన్న పైథాగరస్ సిద్ధాంతమూ ఒకటేనని నాకు తెలియలేదు. ఎవరూ కలిపి చెప్పలేదు. తెలిసిన రోజు సాయంత్రం ఆయన పని చేస్తున్న చోటికి పరిగెత్తుకుంటూ వెళ్ళాను.

మేడమ్, మీ పిల్లల్లో ఎవరి నాన్నయినా మేస్త్రీ అయ్యుంటే ఒక్క గంట పిలిపించండి. టేపూ దారమూ ఆయనే తెచ్చుకుంటారు.

---

చుక్కలపలక | మంగళవారం, రాత్రి 8:30

మాస్టారూ, ముందు నేనే నోటుబుక్కులో వేసి చూశాను. రెండు రంగులు పడగానే నిజంగా ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళుగా ఆ ముగ్గు మా వాకిట్లో ఉంది!

ట్యూషన్ సార్, మీ మాట కొట్టిపారేయడం లేదు. గ.సా.భా. సంగతి నాకూ తలనొప్పే.

సందు చుక్కతో కూడా ఇలాంటివి ఏమైనా ఉన్నాయా?

---

అమ్మమ్మ_ముగ్గులు | మంగళవారం, రాత్రి 9:55

నేను టీచర్ని కాదమ్మా, విజయనగరంలో ఉంటాను. ముగ్గులు మాత్రం చిన్నప్పటి నుంచీ వేస్తున్నాను, కాబట్టి అదొక్కటే చెప్పగలను.

సందు చుక్క అంటే కింది వరుసలో రెండు చుక్కల సందుకి ఎదురుగా పై చుక్క పడాలి. అందుకే ప్రతి వరుసకీ ఒకటే తగ్గుతుంది. 7 చుక్కలు 1 వచ్చే వరకు సందు చుక్క పెడితే 1, 2, 3, 4, 5, 6, 7, మళ్ళీ 6, 5, 4, 3, 2, 1. కూడితే 49 వస్తుంది. 5 తో మొదలెడితే 25. ఏడేడులు, అయిదైదులు. ఎందుకో నాకు తెలీదు గానీ ఎప్పుడూ అంతే.

అదే 7 చుక్కలు 4 వచ్చే వరకు సందు చుక్క అయితే ఆరు మూలల ముగ్గు. అందులో 37 చుక్కలు.

ఇంకో సంగతి. మెలికల ముగ్గులో మా అత్తగారు ఒక పందెం పెట్టేవారు, చెయ్యి ఎత్తకుండా ఒకే గీతతో అన్ని చుక్కల్నీ చుట్టి మొదలైన చోటికి రావాలని. 3 చుక్కలు 4 వరుసలు పెడితే వచ్చేస్తుంది. 3 చుక్కలు 3 వరుసలు పెడితే ఎంత గింజుకున్నా రాదు, మూడు గీతలవుతాయి. నా పెళ్ళయిన కొత్తలో మూడు మూళ్ళ ముగ్గు ఇచ్చి నన్ను ఏడిపించారు. చేతకాక కాదు, అది అసలు రానే రాదని తర్వాత తెలిసింది.

---

రిటైర్డ్_లెక్కలు | మంగళవారం, రాత్రి 11:05

తల్లీ, మీకు దండం పెడుతున్నాను. ట్యూషన్ మాస్టారు అడిగిన గ.సా.భా. మీ అత్తగారి పందెంలోనే ఉంది.

చుక్కలు దీర్ఘచతురస్రంగా పెట్టండి. నియమం ఇది: పక్కపక్కనున్న ప్రతి రెండు చుక్కల సందులోనూ రెండు గీతలు ఒకదాన్నొకటి దాటాలి. గీత ఎప్పుడూ ఐమూలగానే పోవాలి, అంచుకి వచ్చినప్పుడు బయటి చుక్కని చుట్టి లోపలికి తిరగాలి. ఇలా వేస్తే ఎన్ని విడివిడి గీతలు పడతాయో ఆ సంఖ్యే చుక్కలకీ వరుసలకీ ఉన్న గ.సా.భా. 3, 4 కి 1. కాబట్టి ఒకే గీత. 3, 3 కి 3. 4, 6 కి 2. ఒక్క గీతతో పూర్తి కావాలంటే ఆ రెండూ పరస్పర ప్రధానాంకాలు కావాలి, అంటే వాటి గ.సా.భా. 1 కావాలి.

ఇది మన దగ్గరే ఉందనుకోకండి. ఆఫ్రికాలో అంగోలా ప్రాంతపు చోక్వే వాళ్ళు ఇసుకలో చుక్కలు పెట్టి, వేలితో గీత తిప్పుతూ కథలు చెబుతారు. వాటిని సోనా అంటారు. మొజాంబిక్‌లో పనిచేసిన గణిత శాస్త్రవేత్త పౌలస్ గెర్డెస్ వాటి మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. అక్కడా ఇదే గ.సా.భా. నియమం. ఇక తమిళుల కోలాల మీద మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్‌తో కలిసి 1974 లోనే పరిశోధన పత్రం రాశారు. భాషకు వ్యాకరణం ఉన్నట్టే కోలానికీ వ్యాకరణం రాసి, కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేశారు.

49 ఎందుకొస్తుందో పిల్లలకే వదిలేయండి. సందు చుక్కల ముగ్గుని కాస్త పక్కకి తిరిగి, ఏటవాలు వరుసలు లెక్కపెట్టమంటే చాలు. ప్రతి వరుసలో ఏడేసి, అలాంటివి ఏడు.

---

పాతబస్తీ_టీచర్ | బుధవారం, మధ్యాహ్నం 1:15

చర్చ చాలా బాగుంది. ఒక్క మాట. నా క్లాసులో చాలామంది ఇళ్ళలో ముగ్గు వేయరు. ముగ్గుతో మొదలెడితే వాళ్ళు వెనక బెంచీలోకి జరిగిపోతారు. చెప్పేవాళ్ళకి ఆ ఉద్దేశం లేకపోయినా సరే, పిల్లలకి అలా అనిపిస్తుంది. అందుకని నేను ఎవరి కళ్ళ ముందు ఏది ఉంటే దానితో మొదలెడతాను.

మాకు చార్మినార్ ఉంది. 1591 నాటి కట్టడం. నాలుగు వైపులా నాలుగు కమానులు, ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది. "కళ్ళు మూసుకో, నేను చార్మినార్‌ని తిప్పేశాను, కళ్ళు తెరిచాక తిప్పినట్టు నీకు తెలియకూడదు. ఎంత తిప్పి ఉంటాను?" అని అడుగుతాను. 90 డిగ్రీలు అని ఒకడంటాడు, 180 అని ఇంకొకడంటాడు, 270 అని మూడోవాడు. అసలు తిప్పకపోయినా తెలియదు సార్ అని ఒకమ్మాయి అంది. భ్రమణ సౌష్ఠవ పరిమాణం 4 అని ఆ తర్వాత బోర్డు మీద రాస్తే ఎవరికీ కొత్తగా అనిపించలేదు.

కిటికీ జాలీల్లో 8 కోణాల నక్షత్రం దొరుకుతుంది. ఒక చతురస్రం మీద ఇంకో చతురస్రాన్ని 45 డిగ్రీలు తిప్పి పెడితే వచ్చేది అదే. కాగితం ముక్కలు రెండు చాలు.

---

మగ్గంగుంత | బుధవారం, రాత్రి 9:20

మాది పోచంపల్లి దగ్గర. ఇంట్లో చిటికి పని. బయట ఇక్కత్ అంటారు. నూలును ముందే ముళ్ళు కట్టి రంగులో ముంచి, తర్వాత మగ్గం మీద నేస్తే బొమ్మ తేలుతుంది. బొమ్మ ముందు గ్రాఫ్ కాగితం మీద పుడుతుంది. రెండు వైపులా ఒకేలా ఉండే బొమ్మయితే నాన్న సగమే గీసేవాడు. మిగతా సగం ఎందుకు గీయవంటే "అది దీంట్లనే ఉన్నది కద బిడ్డా" అనేవాడు. సౌష్ఠవాక్షం గురించి అంత బాగా నాకు ఏ టీచరూ చెప్పలేదు.

ఆసు గురించి కూడా చెప్పాలి. పేక నూలును, అంటే అడ్డంగా నేసే పోగును, ముళ్ళు కట్టే ముందు ఆసు పోయాలి. ఒక పక్క ఒకే మేకు, దానికి ఎదురుగా అర్ధవృత్తంలో వరుసగా చిన్న మేకులు. ఆ ఒక్క మేకు నుంచి ఎదుటి మేకులకి దారం పోతూ వస్తూ ఉండాలి. ఒక చీరకి చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. అమ్మ భుజం ఇప్పటికీ పైకి లేవదు. చింతకింది మల్లేశం అన్న తన తల్లి బాధ చూడలేక దానికి యంత్రం చేశాడు, పేరు కూడా తల్లిదే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017 లో పద్మశ్రీ వచ్చింది.

మా మేనకోడలు 6వ తరగతి. దాన్ని అడిగాను, మేకులు అర్ధవృత్తంలోనే ఎందుకు కొట్టారు, తిన్నగా గోడ మీద వరుసలో కొడితే ఏమైతది అని. ఒక చెక్క మీద తిన్నగా మేకులు కొట్టి, దారం చుట్టి, విప్పి కొలిచింది. చివరి మేకుల దారం పొడుగొచ్చింది, మధ్యది పొట్టిగా వచ్చింది. "అట్లయితే చీర పన్నాకి సరిపోదు మామా" అన్నది. వ్యాసార్థాలన్నీ సమానమన్న మాట దానికి నేను చెప్పలేదు.

---

పూలతోట | గురువారం, ఉదయం 7:05

ప్రకృతిని మరిచిపోతున్నారు! పూలరేకులన్నీ ఫిబొనాచీ సంఖ్యలే అంటారు కదా, 3, 5, 8, 13 అని, ముందున్న రెండూ కలిపితే తర్వాతది వచ్చేవి. దాన్ని చెబితే పిల్లలకి ఆసక్తి పుడుతుంది.

---

పాతబస్తీ_టీచర్ | గురువారం, ఉదయం 8:10

పొద్దుతిరుగుడు గింజల్లో, అనాస తొక్క మీద ఆ సంఖ్యలు నిజంగానే వస్తాయండీ. అనాస మీది కళ్ళని ఒక ఏటవాలులో లెక్కిస్తే 8 వరుసలు, ఎదురు ఏటవాలులో 13, మామూలుగా అంతే. కానీ "అన్నీ" అనకండి. మన నూరువరహాల పువ్వుకి 4 రేకులు. ఆవ పువ్వుకీ 4. పిల్లల్ని పెరట్లోకి పంపి లెక్కపెట్టించండి, ఎన్నింటికి కుదిరిందో ఎన్నింటికి కుదరలేదో రెండు గడులూ రాయించండి.

పూలలో నాకు బాగా ఇష్టమైనది ఒంటిరేకు నందివర్ధనం. 5 రేకులూ గాలిపంకాలా ఒకే వైపు వంగి ఉంటాయి. 72 డిగ్రీలు తిప్పితే మళ్ళీ అదే పువ్వు. కానీ దాన్ని ఎక్కడ మడిచినా రెండు సగాలూ కలవవు. తిప్పితే కలిసేది వేరు, మడిస్తే కలిసేది వేరు అని పిల్లలకి పుస్తకంలో ఎంత చెప్పినా కలగలిపేస్తారు. ఆ పువ్వు చేతికిస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

---

మేస్త్రీ_కొడుకు | గురువారం, ఉదయం 8:45

టైల్స్ షాపులో అయిదు భుజాలూ, అయిదు కోణాలూ సమానంగా ఉన్న టైల్ ఎందుకు దొరకదో కూడా అడగండి మేడమ్. దాని ఒక్కో కోణం 108 డిగ్రీలు. ఒక మూల దగ్గర మూడు పెడితే 324, ఇంకా 36 డిగ్రీల సందు మిగులుతుంది. నాలుగోది పట్టదు. అట్టముక్కలతో చేయించండి.

---

టెన్త్_ట్యూషన్ | గురువారం, రాత్రి 10:00

నిన్న రాత్రి 4 చుక్కలు 6 వరుసలు కాగితం మీద వేశాను. రెండు గీతలే పడ్డాయి. 5, 5 వేశాను, అయిదు పడ్డాయి. అర్ధరాత్రి దాటింది, మా ఆవిడ లైటు తీసేయమంది.

గ.సా.భా. ముగ్గులో దొరకదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క విన్నపం మాత్రం ఉంది. ముగ్గు అయిపోగానే వదిలేయకండి. అదే రోజు నోటుబుక్కులో 48, 60 లాంటివి భాగహార పద్ధతిలో చేయించండి. ముగ్గు ఎంత బాగా అర్థమైనా, పరీక్షలో చుక్కలు పెట్టుకునేంత టైమ్ ఉండదు. చెయ్యి తిరగాలంటే పది లెక్కలు చేయాల్సిందే.

---

చుక్కలపలక | 12 రోజుల తర్వాత, రాత్రి 8:50

అందరికీ కృతజ్ఞతలు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఈసారి ముగ్గుపిండి లేదు, సుద్దముక్కలే. నలుగురికో జట్టు. మొదట అంచనా పలక మీద రాయాలి, తర్వాతే చుక్క. 25 చుక్కల ముగ్గుకి రెండు రంగులు వేయించి ఊరుకున్నాను. చాలాసేపు ఎవరికీ ఏమీ కనిపించలేదు. చెప్పేయాలని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. చివరి జట్టులో ఒక పాప, పోయిన నెల పరీక్షలో 4 మార్కులొచ్చిన పాప, మెల్లగా ముగ్గు చుట్టూ నడిచింది. మూల దగ్గర ఆగి తల పక్కకి వంచింది. "మేడమ్, ఇక్కణ్ణించి చూస్తే ఇది డబ్బా లోపల డబ్బా" అంది. అందరూ లేచి ఆ మూలకి పరిగెత్తారు. ఆ పాప వేలితో ఎర్రవి నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు అని తాకుతూ లెక్కపెట్టింది.

మర్నాడు సందు చుక్క. 15 చుక్కలు 8 వచ్చే వరకు పెడితే ఎన్ని అని అడిగాను. కూడి కూడి 169 అన్నారు. ఒక అబ్బాయి "169 అంటే 13 పదమూళ్ళు, ఆరు మూలల ముగ్గులన్నీ కూడా వర్గాలే!" అని అరిచాడు. క్లాసంతా చప్పట్లు. నేను కాదనలేదు. విజయనగరం అమ్మగారి 7, 4 ముగ్గు వేయమన్నాను. 37. వాడి మొహం వాడిపోయింది. 5, 3 వేశాడు, 19. "మరి 169 ఎలా వచ్చింది మేడమ్?" అని సాయంత్రం దాకా నా వెంటే తిరిగాడు. మర్నాడు పొద్దున్నే కాగితం పట్టుకొచ్చాడు. 1, 7, 19, 37, 61. వాటి మధ్య తేడాలు 6, 12, 18, 24. "ఆరో ఎక్కం మేడమ్!" మధ్య చుక్క చుట్టూ ఒక్కో పొరా ఎలా పెరుగుతోందో వాడే గీసి చూపించాడు.

ఫిర్యాదు కూడా చెప్పాలి. ఇద్దరు పిల్లలకి ఇప్పటికీ ఏమీ ఎక్కలేదు. వాళ్ళకి కూడికే సరిగ్గా రాదు, ముందు అది చూడాలి. పైగా సిలబస్‌లో ఒక వారం వెనకబడ్డాను.

ట్యూషన్ సార్, మీరు చెప్పినట్టే పది లెక్కలు చేయించాను. 38 మందిలో 29 మంది తప్పుల్లేకుండా చేశారు.

---

రిటైర్డ్_లెక్కలు | అదే రోజు, రాత్రి 9:30

అమ్మా, ఆ అబ్బాయికి నా తరఫున ఒక పని చెప్పండి. 1, 7, 19, 37 ని మొదటి నుంచి ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పొమ్మనండి. 1, తర్వాత 8, తర్వాత 27, తర్వాత 64. అవేమిటో వాడే చెబుతాడు. ఎందుకో చెప్పలేకపోతే, నాలుగు చక్కెర బిళ్ళల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న దిమ్మ కట్టించి, ఒక మూల నుంచి చూడమనండి. పైకి కనిపించే బిళ్ళలు లెక్కపెట్టాలి. 37 ఉంటాయి.

---

అమ్మమ్మ_ముగ్గులు | అదే రోజు, రాత్రి 9:48

ఆ పాపకి నా దీవెనలు చెప్పమ్మా. మెలికల ముగ్గు వేయించావా?

---

చుక్కలపలక | అదే రోజు, రాత్రి 10:02

వేయించానండీ, 3, 4 ఒక గీత, 4, 6 రెండు గీతలు వచ్చాయి. రేపు 6 చుక్కలు 9 వరుసలు. ఎన్ని గీతలు పడతాయో ప్రతి జట్టూ పలక మీద రాసి బోర్లించి పెట్టి ఇంటికెళ్ళారు. ఒక జట్టు మాత్రం పలకని బీరువాలో పెట్టి తాళం వేయమన్నారు.